ఎర్ర లైటు వెలగలేదు, అయినా సౌండు ఎందుకు పగిలింది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. కందుకూరు దగ్గర మీ ఊళ్లో తిరునాళ్లకు పౌరాణిక పద్యనాటకం వేశారు. మైకుసెట్టు వాళ్ళ మిక్సర్ (మైకులన్నిటి సౌండునూ కలిపే పెట్టె) మెయిన్ అవుట్ నుంచి మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ లాగి మీ చేతి రికార్డర్‌కు పెట్టారు. మీటరు రాత్రంతా మైనస్ 10 డెసిబెల్స్ (సౌండు ఎత్తును కొలిచే లెక్క) దాటలేదు, ఎర్ర లైటు ఒక్కసారీ వెలగలేదు. బాక్సుల్లో సౌండు శుభ్రంగానే వచ్చింది. ఇంటికి వచ్చి వింటే మాత్రం కృష్ణుడి వేషధారి రాగం అందుకున్న ప్రతి చోటా గరగర. మధ్యలో అనుమానం వచ్చి రికార్డర్ గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్‌ను పెంచే నాబ్) 5 నుంచి 3కు తగ్గించారు, గరగర పోలేదు. రికార్డర్ పాడైందా, కొత్తది కొనాలా అని అడిగారు.

పాడవలేదు, కొనకండి. మీ సౌండు పగిలింది గెయిన్ నాబ్ కంటే ముందే. అందుకే నాబ్ ఎంత తిప్పినా మార్పు లేదు.

నాకు మొదట అనుమానం వచ్చింది మీరు గొప్పగా చెప్పిన మాట దగ్గరే. నాలుగు గంటల నాటకంలో మీటరు ఒక్కసారి కూడా మైనస్ 10 దాటలేదన్నారు. మనిషి గొంతు అంత బుద్ధిగా ఉండదండీ. ఒక పద్యం మైనస్ 14 దగ్గర ఆగుతుంది, ఇంకొకటి మైనస్ 7కు ఎగురుతుంది, హార్మోనియం అందుకుంటే ఇంకోలా ఉంటుంది. అన్నీ ఒకే గీత దగ్గర ఆగాయంటే అక్కడ ఏదో పైకప్పు ఉందన్నమాట. డిజిటల్ యంత్రంలో అసలు పైకప్పు సున్నా. మీకు తగిలింది మైనస్ 10 దగ్గర ఉన్న వేరే పైకప్పు.

మీరు జతచేసిన తరంగం బొమ్మను పెద్దది చేసి చూశాను. మీరూ చూడండి. రాగం లాగిన చోట ఒక సెకనులో నూరో వంతు మాత్రమే తెరమీద కనబడేలా సాగదీయండి. మామూలుగా గొంతు తరంగం కొండ గుట్టల్లా గుండ్రంగా లేచి దిగుతుంది. మీ ఫైలులో ప్రతి గుట్ట తల కొడవలితో కోసినట్టు చదునుగా ఉంది. ఆ కోత ఎంత ఎత్తులో పడిందో చూడడమే ఇక్కడ కీలకం. నాటకం మొదటి భాగంలో మైనస్ 10 దగ్గర, మీరు గెయిన్ తగ్గించాక మైనస్ 16 దగ్గర. గెయిన్ 6 డెసిబెల్స్ తగ్గితే కోత కూడా సరిగ్గా 6 డెసిబెల్స్ కిందికి దిగింది. తల తెగిన మనిషిని పల్లంలో నిలబెట్టినట్టు అయింది. ఎత్తు తగ్గింది కానీ తల తిరిగి రాలేదు. రికార్డర్‌లోని డిజిటల్ మార్పిడి (సౌండును అంకెలుగా మార్చే చోటు) దగ్గరే పగిలి ఉంటే కోత సున్నా మీద పడేది, గెయిన్ తగ్గించగానే పోయేది.

మన నెల్లూరు వైపు చెరువు కింద సేద్యం చేసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పై కాలువకు గండి పడితే మన పొలం తూము బిగించి ఏం లాభం? మైకు, మిక్సర్‌లో ఛానల్ (ఒక్కో మైకుకు ఉండే వరుస) గెయిన్, ఛానల్ ఫేడర్ (పైకీ కిందికీ జరిపే మీట), మెయిన్ ఫేడర్, కేబుల్, రికార్డర్ మొదటి మెట్టు, ఆ తర్వాత మీరు తిప్పే గెయిన్, చివరికి డిజిటల్ మార్పిడి. ఈ వరుసలో ఎక్కడ పొంగినా తర్వాతివన్నీ ఆ పగిలిన సౌండునే నమ్మకంగా కిందికి మోస్తాయి. చివరి మీటరుకు ఎత్తు తెలుస్తుంది. పైన గండి పడిన సంగతి తెలియదు.

మరి మీ గండి ఎక్కడ? మైకు దగ్గర గానీ మిక్సర్ ఛానల్ దగ్గర గానీ పగిలి ఉంటే బాక్సుల్లోనూ గరగర వినబడేది. బాక్సులు శుభ్రంగా ఉన్నాయన్నారు, అంటే ఆ రెండూ తప్పుకున్నాయి. మెయిన్ అవుట్ కూడా బాక్సులకే పోతోంది కాబట్టి అదీ నిర్దోషే. మిగిలింది మీ రికార్డర్ ఇన్‌పుట్‌లోని మొదటి మెట్టు. మీరు చేసిన పొరపాటు కూడా అక్కడే ఉంది. మిక్సర్ నుంచి వచ్చే లైన్ సిగ్నల్‌ను మైకు కోసం పెట్టిన దారిలో పంపారు.

ఈ రెంటికీ తేడా చిన్నది కాదు. మామూలు డైనమిక్ మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. ప్రొఫెషనల్ మిక్సర్ లైన్ లెవెల్ 1.23 వోల్టులు, అదీ సగటున. పద్యం చివర రాగం ఎగిరినప్పుడు అంతకు ఎన్నో రెట్లు పోతుంది. చిన్న రికార్డర్లలో చాలావాటికి ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నులు నేరుగా మైకు ప్రీయాంప్‌కు వెళతాయి. ఆ ప్రీయాంప్ మొదటి మెట్టు మిల్లీవోల్టులను పెంచడానికి తయారైంది. దానిమీద వోల్టులు పోస్తే అక్కడికక్కడే తల కోసేస్తుంది. మీరు తిప్పే గెయిన్ ఆ తర్వాత ఉంటుంది.

దీనికి మందు చవకే. అదే సాకెట్టు మధ్యలో పావు అంగుళం జాక్ పట్టే రంధ్రం ఉంటే సాధారణంగా లైన్ దారి అదే. మీ రికార్డర్ పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి. మెనూలో ఇన్‌పుట్‌ను మైక్ నుంచి లైన్‌కు మార్చే వీలుంటే అది ఇంకా సుఖం. రెండూ లేకపోతే కేబుల్ మధ్యలో పెట్టే 20 డెసిబెల్స్ ప్యాడ్ ఒకటి కొనండి. అది సిగ్నల్‌ను పదో వంతుకు దించుతుంది. అది కూడా చాలకపోతే మిక్సర్‌లో మెయిన్ అవుట్ వదిలేసి ఆక్స్ అవుట్ (అదనంగా ఉండే వేరే అవుట్) అడగండి. దాని నాబ్ విడిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసినంత దించుకోవచ్చు, బాక్సుల సౌండు మీద చెయ్యి పడదు. మెయిన్ ఫేడర్ మీద చెయ్యి వేశారా, మైకుసెట్టు ఆయనతో మీ స్నేహం ఆ రాత్రికి ముగిసినట్టే.

ఇంకో మాట. మిక్సర్ అవుట్‌ను రికార్డర్‌కు పెట్టేటప్పుడు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ తప్పకుండా ఆపండి. అది కండెన్సర్ మైకులకు పంపే కరెంటు. మిక్సర్ అవుట్‌లోకి ఎదురు పంపితే కొన్నిటిని చెడగొడుతుంది. చాలా రికార్డర్లు పోయినసారి పెట్టిన సెట్టింగ్‌నే గుర్తుపెట్టుకుని ఆన్ అవుతాయి, అక్కడే మోసపోతాం.

దారి సరిచేశాక లెవెల్ ఎంత పెట్టాలన్నది అసలు ప్రశ్న. పద్యనాటకంలో ఇది తేలిక కాదు. తెర లేవక ముందు మైకు పరీక్ష ఎలా జరుగుతుందో మీకు తెలుసు. ఎవరో ఒకాయన వచ్చి ‘హలో హలో, మైక్ టెస్టింగ్’ అని మూడంకెలు లెక్కపెట్టి పోతాడు. ఆ గొంతుకు లెవెల్ పెట్టారంటే పద్యం దగ్గర మునిగినట్టే. వచనం చెప్పేటప్పటికీ, అదే నటుడు పద్యం నాలుగో పాదం చివర రాగం తీసి పైస్థాయిలో నిలబెట్టేటప్పటికీ 15 డెసిబెల్స్ తేడా వచ్చిన రాత్రులు నా దగ్గర ఉన్నాయి. దానికి తోడు రాగం తీసేటప్పుడు నటుడు మైకు మీదికి వంగుతాడు. అడుగు దూరంలో ఉన్న నోరు అర అడుగుకు వస్తే సుమారు మరో 6 డెసిబెల్స్. జనం ‘వన్స్ మోర్’ అన్నారనుకోండి, రెండోసారి మొదటిసారి కంటే మెల్లగా పాడిన నటుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

అందుకని మేకప్ గదిలోకి వెళ్ళి ముఖ్య నటుణ్ణి బతిమాలండి. ‘అయ్యా, మీ పద్యాల్లో అన్నిటికంటే పైకి పోయేది ఏదో దాని చివరి పాదం ఒక్కటి, స్టేజీ మీద నిలబడి, అదే ఊపుతో పాడండి’ అని. కిరీటం పెట్టుకున్నాక ఎవరూ రారు, అంతకు ముందే అడగాలి. ఆ పాదానికి మీటరు ఎత్తు మైనస్ 12 దగ్గర ఆగేలా పెట్టి చెయ్యి తీసేయండి. నాటకంలో అది మైనస్ 6 దాకా పోవచ్చు, పోనివ్వండి. వచనం మైనస్ 25, 30 దగ్గర ఉందని కంగారుపడి మధ్యలో పెంచకండి. ఇంటికి వచ్చాక దాన్ని ఒక్క నిమిషంలో పెంచుకోవచ్చు. తెగిన రాగాన్ని ఎవరూ అతికించలేరు.

‘అంత తక్కువ పెడితే వెనక బుస్సుమనే శబ్దం రాదా’ అని మీరు అడుగుతారు, ఎందుకంటే నేనూ ఒకప్పుడు అడిగాను. ఈ భయం క్యాసెట్ కాలం నుంచి వచ్చింది. టేపుకు సొంతంగా బుస ఎక్కువ, అందుకని లెవెల్ ఎర్రగీత దాకా తోసేవాళ్ళం, కొంచెం దాటించేవాళ్ళం కూడా. టేపు సహించేది. పొంగిన తలలను ఒక్కసారిగా కోయకుండా మెల్లగా గుండ్రంగా అణిచేది, కొన్ని గొంతులకు అది అందంగానే ఉండేది. డిజిటల్‌కు ఆ దయ లేదు. సున్నా తర్వాత అంకె లేదు కాబట్టి మిగిలినదంతా కోసేస్తుంది.

దానికి బదులుగా కింద బోలెడంత చోటు ఇస్తుంది. సౌండును రాసే అంకె పొడవును బిట్లలో కొలుస్తారు, ప్రతి బిట్‌కు సుమారు 6 డెసిబెల్స్ లెక్క. 16 బిట్లకు 96, 24 బిట్లకు కాగితం మీద 144. నిజమైన పరికరాల్లో సర్క్యూట్ బుస వల్ల 24 బిట్లలో అంత దొరకదు, మంచివాటిలో 110 నుంచి 120 మధ్య వస్తుంది. అయినా మీరు పైన 12 డెసిబెల్స్ ఖాళీగా వదిలితే పోయేది 2 బిట్లు. ఇప్పుడు తిరునాళ్ళ మైదానం తలుచుకోండి. జనరేటర్, జెయింట్ వీలు, పిల్లల బూరలు, వేరుశనగకాయల బండి గంట. కావలి, అల్లూరు వైపు తీరం ఊళ్ళయితే రాత్రంతా రొయ్యల చెరువుల ఏరేటర్ల మోత కూడా. ఆ గోల ముందు మీ రికార్డర్ బుస ఎవరికి వినబడుతుంది? కాబట్టి 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ (సౌండును సెకనుకు 48 వేల సార్లు కొలిచే లెక్క) పెట్టుకుని నిశ్చింతగా లెవెల్ దించండి. మీ ఫైలు 16 బిట్లలో ఉందని చూశాను. మెమరీ కార్డు ఆదా చేసే రోజులు పోయాయి, మార్చండి.

మీటర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా తరం మైకుసెట్టు వాళ్ళందరం ఇక్కడే దెబ్బతిన్నాం. మిక్సర్ మీద సున్నా వేరు, రికార్డర్ మీద సున్నా వేరు. మిక్సర్ మీద సున్నా అంటే ‘ఇక్కడ నడిపించు, హాయిగా ఉంటుంది’ అని. దాని పైన ఇంకా చాలా చోటు ఉంటుంది. రికార్డర్ మీద సున్నా అంటే గోడ. ప్రసార రంగంలో ఈ రెంటినీ ఒకదానితో ఒకటి జతచేసే పద్ధతి ఉంది. యూరప్ వాళ్ళు మిక్సర్ సున్నాను డిజిటల్ మైనస్ 18 దగ్గర, అమెరికా వాళ్ళు మైనస్ 20 దగ్గర పెడతారు. అంత దూరం ఎందుకు వదిలారో నాకు ఒక హరికథ నేర్పింది.

2003లో అనుకుంటాను, అల్లూరు దగ్గర ఒక ఊళ్ళో. అప్పటికి నేను కావలిలో మైకుసెట్టు షాపు నడుపుతూ మొదటిసారి కంప్యూటర్‌లోకి రికార్డు చేయడం మొదలుపెట్టాను. మిక్సర్‌కు ముల్లు మీటరు ఉండేది. ముల్లు సున్నా దగ్గర ఆడితే కంప్యూటర్‌లో మైనస్ 6 దగ్గర పడేలా సరిచేసుకుని, 6 డెసిబెల్స్ చోటు చాలదా అని ధీమాగా కూర్చున్నాను. కథ అయ్యేదాకా ముల్లు సున్నా దాటలేదు. ఇంటికి వచ్చి వింటే హరిదాసు గొంతు బంగారం, చిడతలు మాత్రం ఎండిన తాటాకు చీల్చినట్టు చిట్ చిట్‌మని పగిలాయి. మూడు గంటల కథలో చిడత మోగని క్షణం ఏముంది?

జరిగింది ఇది. ముల్లు మీటరు ఎత్తుకు చేరడానికి 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. 1939లో ఆ మీటరుకు ప్రమాణం పెట్టినప్పుడే గొంతు సగటును చూపించాలని అలా కావాలనే చేశారు. చిడత దెబ్బ కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది. ముల్లు లేవాలనుకునేసరికి దెబ్బ తగిలి పోయింది. ముల్లు సున్నా చూపిస్తున్నప్పుడు అసలు శిఖరాలు ఆపైన 10, 15 డెసిబెల్స్ దాకా ఉంటాయి. మృదంగం, డప్పు, బుర్రకథ గుమ్మెట, అన్నీ ఇదే జాతి. వీటికి మీ రికార్డర్‌లోని పీక్ మీటర్‌నే నమ్మండి. అందులో పీక్ హోల్డ్ అని ఒక గీత పైన నిలిచి ఉంటుంది, దాన్ని చూడండి. డప్పులుంటే నేను మైనస్ 18 దగ్గర మొదలుపెడతాను, సిగ్గుపడను.

మేళం విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. నాదస్వరం, డోలు దగ్గరగా రికార్డర్ సొంత మైకులతో పట్టుకుంటే ఒక్కోసారి మైకు క్యాప్సూలే (లోపల శబ్దాన్ని పట్టే భాగం) తట్టుకోలేదు. అప్పుడు ఏ నాబ్ తిప్పినా ప్రయోజనం లేదు. నాలుగు అడుగులు వెనక్కి జరగడమే మందు.

ఆటోమేటిక్ లెవెల్ అనేది ఏ పేరుతో ఉన్నా ఆపేయండి. పద్యం రాగానే అణిచి, పద్యం అయి నిశ్శబ్దం రాగానే జనరేటర్ మోతను కృష్ణుడి స్థాయికి లేపుతుంది. ఫోన్లలో అదే జరుగుతుంది. లిమిటర్ (సౌండు ఒక హద్దు దాటకుండా పట్టేది) మాట వేరు. అది డిజిటల్ మార్పిడికి ముందు, సర్క్యూట్‌లో ఉంటే పనికొస్తుంది, ఎప్పుడో ఒకసారి ఎగిరే కేకను పట్టుకోవడానికి పెట్టుకోండి. మార్పిడి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేదైతే అప్పటికే తెగిన తలను దువ్వడం తప్ప ఏమీ చేయలేదు. మీ రికార్డర్‌లో రెండు ఫైళ్లు ఒకేసారి, ఒకటి మామూలుగా, రెండోది కొన్ని డెసిబెల్స్ తక్కువగా రాసే సదుపాయం ఉంటే దాన్ని తప్పకుండా వాడండి. నేను ఎన్నో రాత్రులు ఆ రెండో ఫైలు వల్లే గట్టెక్కాను.

32 బిట్ ఫ్లోట్ రికార్డర్ (చాలా చిన్న, చాలా పెద్ద శబ్దాలను కూడా అంకెల్లో పట్టగలిగేది) కొంటే ఈ బాధలన్నీ పోతాయా అని చివర్లో అడిగారు. చాలావరకు పోతాయి. 2019 నుంచి చిన్న ఫీల్డ్ రికార్డర్లలోనూ వస్తున్నాయి. వాటిలో మంచివి రెండు మార్పిడి సర్క్యూట్లు పెట్టి, ఒకటి చిన్న శబ్దాలకు, ఒకటి పెద్ద శబ్దాలకు వాడుకుంటాయి. లెవెల్ పెట్టకపోయినా తర్వాత దించుకోవచ్చు. అయితే మైకు దగ్గర పగిలినా, మిక్సర్ ఛానల్ దగ్గర పగిలినా అదీ చేతులెత్తేస్తుంది. మన ఊళ్లలో సగం గండ్లు అక్కడే పడతాయి. మిక్సర్ ఆయన పీక్ లైటు వెలుగుతూనే ఉన్నా ఫేడర్ తోస్తాడు. అలాంటప్పుడు ఫేడర్ కాకుండా ఛానల్ పైన ఉన్న గెయిన్ నాబ్‌ను, పెద్ద పద్యానికి లైటు ఎప్పుడో ఒకసారి మెరిసి ఆరేంతవరకు దించమని మర్యాదగా చెప్పండి. తగ్గిన సౌండును ఫేడర్‌తో లేపుకోమనండి. టీ ఇప్పించాక చెబితే వింటారు.

ఇప్పుడు ఉన్న ఫైలు సంగతి. పూర్తిగా ఆశ వదులుకోకండి. మీ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పింగ్‌ను (అంటే ఈ తల కోతను) ఎర్ర గీతలతో చూపించే ఏర్పాటు సున్నాను తాకిన చోట్లనే గుర్తిస్తుంది, కాబట్టి మీకు ఒక్క గీతా కనబడలేదు. తెగిన తలలను ఊహించి మళ్ళీ అల్లే డీక్లిప్ అనే పరికరం వాడేటప్పుడు పరిమితిని చేత్తో పెట్టాలి. ఫైలును మీరు గెయిన్ మార్చిన చోట రెండు ముక్కలు చేయండి. మొదటి ముక్కకు మైనస్ 10 కంటే కొద్దిగా కింద, రెండో ముక్కకు మైనస్ 16 కంటే కొద్దిగా కింద పెట్టండి. మొత్తం ఫైలుకు ఒకే అంకె పెడితే ఒక సగం బాగుపడి ఇంకో సగం అలాగే ఉంటుంది. మామూలుగా డీక్లిప్ ముందు ఫైలును దించి, కొత్తగా అల్లే తలలకు పైన చోటు ఇవ్వాలి. మీ ఫైలుకు ఆ చోటు ఇప్పటికే ఉంది. ఈ దురదృష్టంలో మీకు దొరికిన అదృష్టం అదొక్కటే.

ఎంత బాగుపడుతుందన్నది కోత వెడల్పును బట్టి ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మిల్లీసెకనుకు 48 చుక్కలు, అంటే 48 కొలతలు. నటుడి గొంతు 400 హెర్ట్జ్ దగ్గర ఉంటే ఒక పూర్తి అలకు 120 చుక్కలు. తలలో పది చుక్కలు తెగితే సాఫ్ట్‌వేర్ ఇరుపక్కల వాలు చూసి చక్కగా ఊహిస్తుంది. నలభై తెగితే అది కథలు చెబుతుంది. మీ బొమ్మలో వచనానికి దగ్గరగా ఉన్న చోట్ల కోతలు సన్నగానే ఉన్నాయి, అవి బాగుపడతాయి. రాగం నిలబెట్టిన నాలుగైదు చోట్ల వెడల్పుగా ఉన్నాయి, అక్కడ గరగర తగ్గుతుంది గానీ పోదు. ఆ చోట్లకు ప్రేక్షకుల్లో ఎవరైనా ఫోన్‌లో తీసిన వీడియో దొరుకుతుందేమో ఊళ్లో అడగండి. దూరంగా ఉన్న ఫోన్ సౌండు పల్చగా ఉన్నా పగిలి ఉండకపోవచ్చు, రెంటినీ కలిపి నెట్టుకురావచ్చు.

చివరికి ఎంపీ3గా మార్చేటప్పుడు శిఖరం మైనస్ 1 దగ్గర ఆపండి. కుదించే క్రమంలో తరంగం కొద్దిగా పైకి పొంగుతుంది, సున్నా దగ్గర పెడితే అక్కడ మళ్ళీ కొత్తగా తెగుతుంది.

వచ్చే నెల నాటకానికి వెళ్ళే ముందు ఇంట్లోనే ఒకసారి పరీక్షించుకోండి. మైకుసెట్టు ఆయన దగ్గర మిక్సర్ ఒక పూట అడిగి తెచ్చుకుని, ఏదైనా పాట పెట్టి ముందు ఎక్స్‌ఎల్‌ఆర్ దారిలో, తర్వాత పావు అంగుళం జాక్ దారిలో రికార్డు చేసి రెండు బొమ్మలూ పక్కపక్కన చూడండి. ఆ జాక్ కేబుల్ మాత్రం రెండు కొనండి. ఒకటి ఎలాగూ మైకుసెట్టు ఆయన చుట్టలో కలిసిపోయి వాళ్ళ వ్యానులో వెళ్ళిపోతుంది.